సముద్రం ఊళ్లో లేని శుక్రవారం

మొన్న ఆదివారం, కొండాపురం దగ్గరి పునరావాస కాలనీలో ఉంటున్న మా చిన్నమ్మను చూసి వద్దామని జమ్మలమడుగు నుంచి పోయినప్పుడు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన ఆమె మనవడు వరండాలో నా పక్కన కూర్చుని తన వీకెండ్లన్నీ ఫోనులో ఒక్కొక్కటే జరిపి చూపించాడు. ఒక వారం దీపాల వెలుగులో పెద్ద స్టేడియంలో క్రికెట్ మ్యాచ్, ఇంకో వారం వేదిక మీద ఎవరో పాడుతుంటే కింద జనమంతా చేతులెత్తి ఊగుతున్న సంగీత కచేరీ, మరో వారం మబ్బుల్లోకి పొడుచుకుపోయిన కట్టడం మీదినుంచి కిందికి తీసిన ఫొటో. వాడు చూపించే తీరులో గొప్పలేమీ లేవు, చూసిన సంతోషాన్ని పంచుకోవడమే ఉంది. చిన్నమ్మ చేటలో శెనక్కాయలు ఒలుస్తూ ఓరకంట చూస్తూ ఉంది. సముద్రం ఒడ్డున తీసిన ఫొటో వచ్చినప్పుడు మాత్రం చేట పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని, ఫోనును తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“నువ్వు పోయినప్పుడు నీళ్లు ఆన్నే ఉండెనా?” అని అడిగింది.

సముద్రంలో నీళ్లు లేకుండా ఎక్కడికి పోతాయవ్వా అని వాడు నవ్వాడు. చిన్నమ్మ నవ్వలేదు. నా వైపు చూసింది. ఆ చూపుతో నేను వరండాలోంచి లేచి, ఎన్నో ఏళ్లు వెనక్కి, ఒక శుక్రవారం మధ్యాహ్నంలోకి పోయి పడ్డాను.

మన తరం వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది, మన కడప జిల్లాలో అప్పట్లో ఏ వీధిలో చూసినా కువైట్‌లో ఉన్నవాళ్ల ఇల్లు ఒకటి తగిలేది. నేనూ ప్రొద్దుటూరులో టైపు నేర్చుకుని, పరీక్ష గట్టెక్కి, ఒక కట్టుబడి కంపెనీ ఆఫీసులో టైపిస్టుగా అక్కడికి పోయిన వాణ్ణే. తర్వాతి జీవితమంతా దినపత్రిక డెస్కు మీద ఇతరుల వార్తలు దిద్దడంలోనే గడిచింది గానీ, నా సొంత వార్తలు ఏమైనా ఉంటే అవి ఆ కొద్ది ఏళ్లలోనివే. అక్కడ వారానికి సెలవు శుక్రవారం. మేం దాన్ని జుమ్మా అనేవాళ్లం. చిన్నమ్మకు ఇప్పటికీ సెలవంటే జుమ్మానే. ఆదివారం బడి లేక పిల్లలు వీధిలో ఆడుతుంటే, ఈ పొద్దు పిల్లోళ్లకు జుమ్మా అంటుంది.

జుమ్మా పొద్దున బట్టలుతుక్కోవడం, తలంటు, ఇంటినుంచి ఎవరో తెచ్చిన రాగిపిండి మిగిలి ఉంటే సంగటి. ఆ తర్వాత క్రికెట్. ఇళ్లు కట్టడానికి చదును చేసి వదిలేసిన ఖాళీ స్థలంలో, టెన్నిస్ బంతితో, ప్రొద్దుటూరు వాళ్లకూ పులివెందుల వాళ్లకూ మ్యాచ్. మా జమ్మలమడుగు వాళ్లం ఒక జట్టుకు సరిపడా లేక రెండు వైపులా పంచుకుపోయేవాళ్లం. టైపు నేర్చుకున్న విశ్వాసం కొద్దీ నేను ప్రొద్దుటూరు వైపు. మా కెప్టెన్ ప్రొద్దుటూరులో దర్జీ, అక్కడ కూడా దర్జీనే. వయసులో అందరికంటే పెద్దవాడు, అందరికీ మామ. అవతలి కెప్టెన్ మా కంపెనీలోనే హాఫ్‌లారీ తోలే పులివెందుల అన్న. బండి అద్దం ముందర గండి ఆంజనేయస్వామి ఫొటో అంటించుకుని, బ్యాటింగుకు దిగేముందు పోయి దానికి దండం పెట్టుకుని వచ్చి, మొదటి బంతినే ఆకాశంలోకి లేపడం ఆయన పద్ధతి. నిలబడి ఆడటం ఆయనకు చేతకాదు, చేతనైనా ఇష్టం ఉండదు.

ఈ రెండు ఊళ్ల మధ్య తీర్పు చెప్పాలంటే రెండింటికీ కానివాడు కావాలి గనుక, కోస్తా నుంచి వచ్చిన ఒక వంట మాస్టరును అంపైరుగా పెట్టుకున్నాం. ఆయన వేలెత్తి “అవుటండి” అనేవాడు. ఎంత కోపిష్టి అయినా ఆ ‘అండి’ విన్నాక గొడవ పడలేక తల దించుకుని వచ్చేసేవాడు. ఆయనకు మా మాట ఒక వేడుక. ఒకసారి పులివెందుల అన్న ఎవరినో “ఆడ ఆడల్ల, ఈడ ఆడగూడదు” అని కసిరితే, ఇందులో ఆట ఏది, చోటు ఏది, ఆడవాళ్లు ఎవరండీ అని అడిగి మా చేత తిట్లు తిన్నాడు.

సాయంత్రం ఎవరివో ఖరీదైన కార్ల పక్కన నిలబడి ఫొటోలు దిగడం, పెద్ద కట్టడాలను కిందినుంచే చూసి రావడం. చీకటి పడే వేళకు గదిలో భజన. ప్రొద్దుటూరు మామ చెక్కలు తీసేవాడు. లోపల చిన్న ఇత్తడి బిళ్లలు గలగలలాడే ఆ చెక్కల జతను ఆయన బట్టల మధ్య చుట్టి విమానంలో తెచ్చుకున్నాడు. ఇప్పటి పిల్లలు లైవ్ మ్యూజిక్ అంటున్నది ఏదైతే ఉందో, మాకు అంతస్తుల మంచాల మధ్య జాగాలో అది వారం వారం జరిగేది.

ఈ జుమ్మాలు మగవాళ్లకు. చిన్నమ్మకు లేవు. ఆమె మా అమ్మకు చెల్లెలు. కొండాపురం వైపు పెన్న ఒడ్డు పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంటికి కోడలిగా పోయింది. వరసగా వానలు లేక మేత దొరక్క మంద కరిగిపోతే, నాకంటే ముందే కువైట్ పోయి ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఇంటి మనుషులు చెడ్డవాళ్లు కారు, కానీ ఆ ఇంట్లో పనికి శుక్రవారమే ఎక్కువ. బంధువులంతా వచ్చేది ఆ రోజే. ఆమె చూసిన కువైట్ అంటే ఆ ఇల్లు, మిద్దె, వీధి మూల అంగడి. సముద్రం కారులో పోతే కాసేపటి దూరం. ఆ ఇంటి పిల్లలు అక్కడ ఆడుకుని వచ్చి విప్పేసిన బట్టలను ఉతికేటప్పుడు కుట్ల సందుల్లోంచి రాలే ఇసుకే ఆమె ఎరిగిన సముద్రం.

ఇంటి దగ్గర మా చిన్నాయనకు సముద్రమంటే పిచ్చి. చూసినవాడు కాదు, అందుకే పిచ్చి. అప్పట్లో ఉత్తరాల బదులు క్యాసెట్లలో మాట్లాడి పంపుకునేవాళ్లం గదా, ఆయన ప్రతి క్యాసెట్లోనూ వాన సంగతి, ఈనిన గొర్రెల సంగతి చెప్పి, చివర సముద్రం ఎట్లుంది, పెన్నకు నీళ్లొచ్చినప్పుడు ఉన్నంత ఉందా అని అడిగేవాడు. చిన్నమ్మ చూసి చెప్తా అని బదులు పంపేది. చూడకుండా చూశానని చెప్పే మనిషి కాదు. అట్లా ఏళ్లు గడిచి ఆమె గడువు తీరి, టికెట్ కూడా వచ్చేసింది. ఇక మిగిలింది ఒకే జుమ్మా. ఆ రోజు చూస్తే చూసినట్టు, లేకపోతే సముద్రం పక్కన అన్నేళ్లు బతికి ఇసుక మాత్రం ఎరిగినదానిగా ఆయన ముందుకు పోయి నిలబడాలి.

మా గది కింద అంగడికి ఫోన్ చేసింది. నేను ఆఫీసులో ఉన్నాను. ఫోన్ ఎత్తింది పులివెందుల అన్న. నాతో చెప్పమని ఆమె చెప్పిన మాట ఇది: “జుమ్మాకు సముద్రం చూపీమను. మామ సరేనంటే వస్తా.”

అక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లు ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తారు. అది వాళ్ల అరబ్బీ మాట, అమ్మ అని అర్థం. కంపెనీ బండి తోలే పులివెందుల అన్నకు ఇళ్ల మర్యాదలు తెలియవు. ఆయనకు ప్రపంచంలో మామ అంటే ఒక్కడే. నేరుగా ప్రొద్దుటూరు మామ దగ్గరికి పోయి, ఫలానా ఆమె నువ్వు సరేనంటేనే సముద్రం చూడ్డానికి వస్తాదంట అని చెప్పాడు. నేను గదికి చేరేసరికి మామ కుట్టుమిషను ఆపి, కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ శుక్రవారం రెండు జట్లకూ ఫైనల్. గెలిచినవాళ్లకు ఇవ్వడానికి స్టీలు చెంబు కూడా కొని ఉంచాం. తన అక్క కొడుకును మ్యాచ్ మాన్పించి తీసుకుపోవడం ఇష్టంలేక, కెప్టెన్ అనుమతి అడిగి పంపింది కాబోలు అని మామ అర్థం చేసుకున్నాడు. ముఖం చూడని ఒక ఆడమనిషి తనను అంత పెద్దరికంతో అడగడం ఆయన మనసును ఎక్కడో తాకింది.

“నేను వద్దంటానా అప్పా. ఆయమ్మను రమ్మను. ఫైనల్ సముద్రమొడ్డున్నే ఆడదాం” అన్నాడు.

ఆ ముఖం చూశాక అసలు సంగతి విప్పి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అసలు మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు కూడా, మధ్యాహ్నం నమాజు అయ్యాక పోయి పొద్దుగూకే నమాజు పిలుపు లోపల ఇంట్లో ఉండాలనే షరతు మీద సరేనంది.

చలికాలం. హాఫ్‌లారీలో ముందు సీటులో చిన్నమ్మ, పక్కన నేను, వెనక రెండు జట్లు, చెంబు, చెక్కలు, నీళ్ల క్యాన్లు. ఊరికి పడమటగా, జనం పెద్దగా రాని ఒక తీరం ఉందని పులివెందుల అన్న ఎప్పుడో ఇసుక తోలినప్పుడు చూసి పెట్టుకున్నాడు. బండి దిగి మెరక ఎక్కి చూసిన వాళ్లం చూసినట్టే నిలబడిపోయాం.

సముద్రం లేదు.

కనుచూపు మేర బురద, అక్కడక్కడ పక్కలకు ఒరిగి పడుకున్న చేపల పడవలు, వాటి మధ్య నడుస్తున్న పక్షులు. ఎక్కడో చివరన సన్నని గీత ఒకటి మెరుస్తోంది, అది నీళ్లో ఎండో తెలియడం లేదు. ఎండాకాలంలో మన చెరువులు ఎట్లా ఉంటాయో అట్లా ఉంది. కరువు సీమలో పుట్టినవాళ్లం, ఎండిన చెరువును గుర్తుపట్టడానికి మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“ఎవురో గేట్లెత్తినారు” అన్నాడు పులివెందుల అన్న, చాలాసేపు చూసి. “కింది ఊర్లకు ఇడిసినారు.”

సముద్రానికి కింద ఊర్లేముంటాయని మామ అన్నాడు. అంతకంటే మంచి కారణం ఆయనకూ తోచలేదు. అంపైరు ఒక్కడే నింపాదిగా ఉన్నాడు. ఇది ఆటు అని, మళ్లీ పోటు వస్తుందని, సాయంత్రానికి నీళ్లు ఇక్కడికి వచ్చేస్తాయని చెప్పాడు. ఏ వేళకు అని అడిగితే మాత్రం, మా ఊరి సముద్రమైతే చెప్పగలను గానీ ఈ ఊరి సముద్రం అలవాట్లు నాకేం తెలుసండి అన్నాడు. పులివెందుల అన్న ఆయన్ను జాలిగా చూశాడు.

“పోయిన నీళ్లు మళ్లా వచ్చేది మేం యాడా చూల్లేదప్పా.”

చిన్నమ్మ తువ్వాలు పరుచుకుని, ఆ మెరుస్తున్న గీతకు ఎదురుగా కూర్చుంది. నేను పక్కన కూర్చుంటే, “మనం వస్తాండామని తెలిసి ఊరికి పోయినట్టుండాది లే నాయనా” అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను ఆట దగ్గరికి పోయాను.

గట్టి ఇసుక మీద వికెట్లు పాతాం. మా జట్టు మొదట ఆడింది. బంతి బురదలో పడి ప్రతిసారీ బరువెక్కి వచ్చేది. సగం ఆట అయ్యాక తిండికి కూర్చున్నప్పుడు మామ చెక్కలు తీసి, ఆయమ్మ పాడతాదంటివే అని నన్ను అడిగాడు. చిన్నమ్మ తనకు వానపాటలు తప్ప రావంది. మన పల్లెల్లో వాన మొండికేసినప్పుడు ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి, వీధి వీధీ తిరిగి, ఇంటింటా బిందెడు నీళ్లు పోయించుకుంటూ పాడే పాటలు ఉంటాయి గదా, వాళ్ల ఊళ్లో ఆ గుంపుకు ముందు నడిచి పాడేది ఈమే. నీళ్లు లేని చోట పాడేవే గదమ్మా, ఈడ నీళ్లెక్కడున్నాయి అన్నాడు మామ. అంతా నవ్వారు. ఆమె కూడా నవ్వి, కొంగు నెత్తిన వేసుకుని, ఎండిపోయిన సముద్రం వైపు తిరిగి పాడింది.

ఎవరింటికి చుట్టానివై పోయావు, ఎవరు కాళ్లకు నీళ్లిచ్చారు, మా ఇంటి దారి ఎందుకు మరిచావు అని వానను నిష్ఠూరమాడే పాట అది. మామ చెక్కలు, పులివెందుల అన్న చేతి కింద ఖాళీ నీళ్ల క్యాను. మొదట ఆటగా మొదలైనది కాసేపటికి ఆట కాకుండా పోయింది. తర్వాత నేను పెద్ద పెద్ద సభల్లో పేరున్నవాళ్ల పాటలు విని వార్తలు రాశాను. విన్నవాళ్లంతా తమ ఇంటి వాకిలి దాకా పోయి వచ్చిన పాట మాత్రం అదొక్కటే.

పాట ఆగాక ఎవరో చెయ్యి చాపి చూపించారు. దూరంగా ఒరిగి ఉన్న ఒక పడవ లేచి కూర్చుంటోంది. కాసేపటికి దాని ఇవతల ఇంకొకటి. మడవ తిప్పితే పొలంలోకి నీళ్లు పాకినట్టు, సన్నగా, చప్పుడు లేకుండా ఏదో బురద మీద పాకుతూ వస్తోంది. చిన్నమ్మ లేచి నిలబడింది. అయితే పొద్దు కూడా అంతే నెమ్మదిగా వాలుతోంది. నీళ్లకు ఇంకా చాలా దూరం ఉంది, ఎదురుపోదామంటే మధ్యలో మోకాలి లోతు బురద. నమాజు పిలుపు దాటితే ఆ ఇంటి తలుపు దగ్గర ఏమంటారో, వాళ్ల దగ్గరున్న పాస్‌పోర్టు చేతికి రావడం ఆలస్యమవుతుందో ఏమో అని నేను పొద్దునూ నీళ్లనూ మార్చి మార్చి చూస్తున్నాను. పోదాం పా నాయనా, చూసినట్టే లే అని చిన్నమ్మే అంది. కానీ బండి తోలే మనిషి బ్యాటు పట్టుకుని వికెట్ల ముందు ఉన్నాడు.

“ఇంకొంచేపు. నేను అవుటైనంక” అన్నాడు పులివెందుల అన్న.

ఆపైన జరిగిన ఆటను ఏ క్రీడా పేజీలోనూ నేను ఎప్పుడూ చూడలేదు. మొదటి బంతినే ఆకాశానికి పంపే మనిషి ఒక్కో బంతినీ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బ్యాటు కింద పడుకోబెట్టాడు. గెలుపుకు కావలసింది కొద్ది పరుగులే. ఆయన పరుగు తీయడు. ఎదురుగా బంతి వేస్తున్న మామ సంగతి కనిపెట్టి, వికెట్లకు ఆమడ దూరంగా వేయడం మొదలుపెట్టాడు. ఒక బంతి చెయ్యిజారి నేరుగా పోయి వికెట్‌ను పడగొట్టింది. అందరం అంపైరు వైపు తిరిగాం. ఆయన పడమటి పొద్దు వైపు చూస్తూ, “ఎండ కళ్లలో పడిందండి, చూడలేదు” అన్నాడు. పడిన వికెట్‌ను మామే లేపి పాతాడు.

అట్లా ఆడుతుండగానే నీళ్లు వచ్చాయి. ముందు ఫీల్డర్ల కాళ్ల దగ్గరికి, తర్వాత పిచ్ మీదికి. అంపైరు వికెట్లు పీకి చంకలో పెట్టుకున్నాడు. “సముద్రం లోపలికొచ్చిందండి. ఆట అయిపోయిందండి.”

చిన్నమ్మ చీర కుచ్చెళ్లు పైకి పట్టుకోవడం కూడా మరిచి నడుచుకుంటూ పోయి, చీలమండలు మునిగే చోట ఆగింది. వంగి దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంది.

“ఉప్పే” అంది, ఎవరో చెప్పిన మాట నిజమేనని తేల్చుకున్నదానిలా.

అంతకంటే ఎక్కువసేపు లేదు. బండి పరుగెత్తింది. దారిలో, ఆ పెద్దాయన వచ్చినావా తల్లీ అని అంత సంబరపడుతున్నాడు, ఎవరాయన అని ఆమె అడిగితే, మామ మాట వల్ల జరిగిన పొరపాటు అప్పుడు చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వింది. కానీ ఇంటి ముందు దిగాక, బండి వెనక్కి పోయి, పైన కూర్చున్న మామకు చేతులు జోడించి, “నువ్వు సరేననబట్టే చూసినా మామా” అంది. ఆయన తల ఊపాడు.

మసీదులో పిలుపు అప్పటికే మొదలైంది. గేటు దగ్గర ఇంటామె నిలబడి ఉంది. తడిసిన చీర అంచును, దానికి అంటిన ఇసుకను చూసింది. “బహర్?” అంది. సముద్రమా అని. చిన్నమ్మ అవునని తల ఊపింది. ఆమె పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఆ చీరను మాత్రం చిన్నమ్మ అక్కడ ఉతకలేదు. అట్లనే మడిచి పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, చిన్నాయన ముందు దులిపింది. పెన్నకంటే పెద్దదే గానీ అది పోయొస్తాదని చెప్పింది. ఆయన ఆ మాటను ఊరంతా చెప్పుకున్నాడు. ఊరు నమ్మలేదు.

ఇప్పుడు చిన్నాయన లేడు. ఆ ఊరూ లేదు. గండికోట జలాశయం నీళ్లు వచ్చి కొండాపురం వైపు పల్లెల్ని కప్పినప్పుడు వాళ్లదీ మునిగింది. నేను డెస్కు మీద ఉన్నన్నాళ్లూ జలాశయంలో నీటిమట్టం పెరిగిందనే వార్తకు ఎన్నిసార్లు శీర్షిక పెట్టానో గుర్తులేదు, ప్రతిసారీ సంతోషంగానే పెట్టాను. నీళ్లు రావడమంటే మన సీమలో సంతోషమే గదా, ఇంకో అర్థం మనకు ఎవరు నేర్పారు. ప్రొద్దుటూరు మామ, పులివెందుల అన్న ఇప్పుడు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో తెలియదు. ఈ పిల్లలకు మ్యాచ్ ఒక చోట, పాట ఒక చోట, చూడవలసిన చోటు ఇంకొక చోట. దేనికదే టికెట్. అవి మాకంటే గొప్పగానే ఉంటాయి, కాదనను. మాకు మాత్రం ఒకే ఇసుక మీద అన్నీ కలిసి వచ్చాయి, ఒక మనిషి కోసం.

పొద్దు వాలుతుండగా చిన్నమ్మ నన్ను నీళ్ల ఒడ్డుకు నడిపించుకుపోయింది. రోజూ పోతుందట. సెలవు రోజు గదా, కార్లలో వచ్చిన పిల్లలు పాటలు పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. ఆమె తన అలవాటైన బండ మీద కూర్చుని, వాళ్లకు కనిపించని చోటును, తన ఊరి మీది నీళ్లను చూస్తూ ఉండిపోయింది.

“సముద్రమే పోయొచ్చె గదా నాయనా” అంది కాసేపటికి. “ఇది ఒగ పొద్దన్నా పోదా.”

ఈ నీళ్లకు ఆటుపోట్లు ఉండవని నాకు తెలుసు. జీవితమంతా తప్పులు దిద్దిన చెయ్యి. ఆ మాటను దిద్దలేకపోయాను. రోడ్డు మీద జమ్మలమడుగు బస్సు హారన్ కొట్టింది. పో నాయనా, బస్సు పోతాది అంది చిన్నమ్మ.

“ఇంకొంచేపు” అన్నాను.